చూపు లేని నాన్నని స్వాన్ లేక్‌కి తీసుకెళ్తున్నా, తెలుగులో ఎలా చెప్పాలి?

తెనాలి_అమ్మాయి | మార్చి 2, రాత్రి 9:40

అందరికీ నమస్తే. పెద్ద పోస్టు, కాస్త ఓపిక పట్టండి.

నాన్న వచ్చే నెల మా దగ్గరికి ఇంగ్లండ్ వస్తున్నారు. 74 ఏళ్లు. కరెంటాఫీసులో లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యారు. నీటికాసుల వల్ల 61వ ఏటికల్లా చూపు పూర్తిగా పోయింది. మనిషికి నాటకమంటే ప్రాణం. వయసులో ఉండగా రాత్రంతా చాప మీద కూర్చుని పద్య నాటకాలు చూసి, పొద్దున్నే నేరుగా స్తంభం ఎక్కిన రోజులున్నాయి.

మా ఊరి థియేటర్‌కి స్వాన్ లేక్ బ్యాలే (మాటల్లేకుండా డాన్సుతోనే కథ చెప్పే ఆట) వస్తోంది. శనివారం మధ్యాహ్నం ఆటకి ఆడియో డిస్క్రిప్షన్ ఉందట, అంటే స్టేజి మీద జరిగేది హెడ్‌సెట్లో వర్ణించి చెప్తారు. దానికి ముందు టచ్ టూర్ కూడా, స్టేజీ డ్రెస్సులూ చేత్తో తడిమి చూడొచ్చు. తోడు వెళ్లేవాళ్లకి సీటు ఫ్రీ అన్నారు. వెంటనే బుక్ చేసేశా. ఇప్పుడు టెన్షన్.

ఒకటి, ఆ వ్యాఖ్యానం మొత్తం ఇంగ్లీషులో. నాన్నకి వచ్చింది ఆఫీసు ఇంగ్లీషు. ఆట మధ్యలో నేను చెవిలో గుసగుసలాడితే పక్కవాళ్లు ఊరుకోరు. రెండు, అమ్మ ఫోన్లో "కళ్లు లేని మనిషిని డాన్సుకి తీసుకెళ్తావా, నలుగురూ ఏమనుకుంటారే" అంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

సందేహాల_రావు | మార్చి 2, రాత్రి 10:15

బాధపడకండి గానీ మీ అమ్మగారి మాటే నాకూ సబబుగా ఉంది. బ్యాలేలో మాట లేదు, పాట లేదు, ఉన్నదంతా కంటికే. ఆ డబ్బుతో ఏదైనా కచేరీకి తీసుకెళ్తే ఆయనా సుఖపడతారు, మీకూ టెన్షన్ ఉండదు.

శబ్దవేధి | మార్చి 2, రాత్రి 11:02

రావుగారూ, నేను పుట్టుగుడ్డిని. విజయవాడలో బ్యాంకులో పనిచేస్తాను, ఈ పోస్టు స్క్రీన్ రీడర్ చదివిపెడితే విన్నాను. మీకు క్రికెట్ ఇష్టమేనా? రేడియోలో విన్న తరమే అయ్యుంటారు. బంతి కంటికి ఆనకుండానే ఎన్ని మ్యాచ్‌లకి గుండె చేత్తో పట్టుకుని కూర్చున్నారు? అప్పుడు "క్రికెట్ కంటికి సంబంధించింది" అని రేడియో కట్టేశారా?

తెనాలి అమ్మాయిగారూ, ఒక్క మాట. మీ నాన్నని ఎక్కడికి తీసుకెళ్లాలో ఇంతమంది తేలుస్తున్నాం. ఆయన్ని అడిగారా?

తెనాలి_అమ్మాయి | మార్చి 3, ఉదయం 7:30

సిగ్గుపడుతూ చెప్తున్నా, అడగలేదు. ఇప్పుడే ఫోన్ చేశా. "హంసల కథా? విలన్ ఉన్నాడా?" అన్నారు. ఉన్నాడు, మంత్రగాడు అన్నా. "అయితే పద" అన్నారు.

మూడో_గంట | మార్చి 3, మధ్యాహ్నం 1:20

ఇక్కడ ఉత్తర ఇంగ్లండ్‌లో ఒక థియేటర్‌లో వారాంతాల్లో సీట్లు చూపించే పని చేస్తాను. ఏడీ (ఆడియో డిస్క్రిప్షన్) ఆటలకి హెడ్‌సెట్లు పంచేది నేనే. నేను చూసింది చెప్తా.

వర్ణించే మనిషి (డిస్క్రైబర్) హాలు వెనక, అద్దం బిగించిన చిన్న గదిలో మైకు ముందు కూర్చుంటారు. అంతకు ముందే ఆ ప్రొడక్షన్‌ని వీడియోలో చాలాసార్లు, హాల్లో ఒకటి రెండు సార్లు చూసి స్క్రిప్టు రాసుకుంటారు. అయినా చెప్పేది లైవ్‌లోనే. ఎందుకంటే వాద్యబృందాన్ని నడిపే కండక్టర్ ఒకరోజు కాస్త తొందరగా, ఇంకోరోజు నిదానంగా నడిపిస్తాడు. రికార్డు వేస్తే హంస ఎగిరాక "ఎగరబోతోంది" అని వినపడుతుంది.

ఆట మొదలవడానికి ఒక పావుగంట ముందే హెడ్‌సెట్లో పరిచయం వస్తుంది. స్టేజి ఎలా ఉంది, ఎవరు ఏం వేసుకున్నారు, కథేంటి, తరచూ వచ్చే కదలికలేంటి అన్నీ. బ్యాలేకి ఇదే కీలకం. డాన్సు మొదలయ్యాక సంగీతం మీద మాట్లాడుతూ పోతే వినేవాడికి రెండూ దక్కవు. మంచి డిస్క్రైబర్ సగంసేపు నోరు మూసుకునే ఉంటాడు. మీ నాన్నగారికి ముందే చెప్పండి, లేకపోతే సెట్ పాడైందనుకుని తిప్పేస్తారు. మా దగ్గర ప్రతిసారీ ఒకరైనా చెయ్యెత్తి "డెడ్" అంటారు.

ఈ పరిచయం నోట్సు చాలా చోట్ల ముందే మెయిల్లో పంపుతారు. అడిగి తెప్పించుకోండి. మీ ఇంగ్లీషు సమస్యకి మందు అక్కడే ఉంది. దాన్ని తెలుగు చేసి వాట్సాప్‌లో వాయిస్ నోట్ పెట్టండి. ఆయన నాలుగు సార్లు వింటారు.

శబ్దవేధి | మార్చి 3, మధ్యాహ్నం 2:05

బ్రహ్మాండం. అదే చెయ్యండి.

రావుగారి కోసం ఇంకో ముక్క. ఈ వర్ణన పద్ధతి ఎవరో జాలిపడి మాకు వేసిన బిచ్చం కాదు. 1981లో వాషింగ్టన్‌లో అరీనా స్టేజ్ అనే నాటకశాలలో దీన్ని ఒక పద్ధతిగా నిలబెట్టింది మార్గరెట్ రాక్‌వెల్, కోడీ ఫాన్‌స్టీల్. తర్వాత ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు. ఆవిడకి చూపు లేదు. అంతకుముందే చూపులేనివాళ్లకి పత్రికలు చదివి వినిపించే రేడియో సేవ నడిపేవారు. అంటే మాకేం కావాలో మాలో ఒకరే ముందు చెప్పారు.

ఘల్లుఘల్లు | మార్చి 3, రాత్రి 8:48

న్యూజెర్సీలో కూచిపూడి నేర్పుతాను. ఈ చర్చ చూసి నిద్ర పట్టలేదు.

నేను ఎప్పుడూ ఆలోచించని సంగతి ఒకటి తట్టింది. మన కూచిపూడిలో వాచికం ఉంది. సత్యభామ వస్తూనే ప్రవేశ దరువులో తానెవరో తనే చెప్పుకుంటుంది. తాళాలతో నట్టువాంగం ఉంది, నోటితో పలికే జతులున్నాయి, కాలికి గజ్జెలున్నాయి, తరంగం చేస్తే ఇత్తడి పళ్లెం చప్పుడు. కళ్లు మూసుకున్నా సగం ఆట చెవికి అందుతుంది. బ్యాలేలో ఇవేవీ లేవు. పైగా కాలు చప్పుడు కాకుండా దిగడమే వాళ్ల విద్య! మనం వినిపించడానికి గజ్జె కడతాం, వాళ్లు వినపడకూడదని సాధన చేస్తారు.

కానీ వాళ్లకీ ముద్రల్లాంటివి ఉన్నాయి. మీ వాయిస్ నోట్‌లో ఇవి తప్పకుండా పెట్టండి:

రెండు పిడికిళ్లు మణికట్టు దగ్గర అడ్డంగా వేసి కిందికి దించితే చావు. అరచేత్తో ముఖం చుట్టూ సున్నా చుడితే అందగత్తె. ఉంగరపు వేలు చూపిస్తే పెళ్లి. తలపైన రెండు చేతులూ ఒకదాని చుట్టూ ఒకటి తిప్పితే "ఆడుదామా". రెండు వేళ్లు ఆకాశంలోకి ఎత్తితే ఒట్టు.

ఈ చివరిది మరిచిపోవద్దు. రాకుమారుడు ప్రేమించింది ఓడెట్‌ని, మంత్రగాడు హంసగా మార్చిన అమ్మాయిని. మూడో అంకంలో మంత్రగాడి కూతురు నల్లహంసని చూసి తన ఓడెట్ అనుకుని, నిన్నే పెళ్లాడతానని రెండు వేళ్లెత్తి ఒట్టేస్తాడు. ఆ ఒక్క సెకనులో కథ మునిగిపోతుంది. ఆ సమయానికి కిటికీలో అసలు ఓడెట్ రెక్కలు కొట్టుకుంటూ కనిపిస్తుంది. చూసేవాళ్లకి తెలుసు, వాడికి తెలీదు. నాటకాభిమాని కదా, ఆ కిటికీ సంగతి నాన్నగారికి తెలిసి తీరాలి.

తెనాలి_అమ్మాయి | మార్చి 4, రాత్రి 10:10

నోట్సు వచ్చింది. అనువాదం మొదలెట్టా. మొదటి పేజీలోనే చతికిలబడ్డా. "అరబెస్క్" అని ఉంది. తెలుగులో ఏమనాలి? ఇలా రాశా, చూడండి:

"ఓడెట్ ఒంటికాలి మునివేళ్ల మీద ఎంతో అందంగా, కొంగలా నిలబడి, రెండో కాలు వెనక్కి సుకుమారంగా చాచింది."

శబ్దవేధి | మార్చి 4, రాత్రి 10:31

మూడు అభ్యంతరాలు.

"ఎంతో అందంగా" తీసేయండి. "సుకుమారంగా" కూడా. అందంగా ఉందో లేదో నేను తేల్చుకుంటాను, మీరు ఏం జరిగిందో చెప్పండి. వెనక్కి చాచిన కాలు ఎంత ఎత్తులో ఉంది? మోకాలు వంగిందా? చేతులెక్కడున్నాయి? అవి చెప్పకుండా "సుకుమారంగా" అంటే, హోటల్లో మెనూ అడిగితే "అన్నీ బాగుంటాయి సార్" అన్నట్టుంది.

కొంగ నాకు పనికిరాదు, నేను చూడలేదు. కానీ మీ నాన్నగారు 61 ఏళ్లు చూసిన మనిషి. ఆయన మనసులో కొంగ ఉంది, పొలం గట్టూ ఉంది. ఆయనకి పోలిక పనికొస్తుంది. నాలాంటివాడికైతే ఒంటితో చెప్పాలి. నేను లేచి నిలబడి ప్రయత్నించగలిగేలా చెప్పాలి. (ఇప్పుడే ప్రయత్నించా. మూడు సెకన్లు. బీరువా పట్టుకోవాల్సొచ్చింది.)

ఘల్లుఘల్లు | మార్చి 4, రాత్రి 11:15

నా ప్రయత్నం:

"ఎడమకాలి మునివేళ్ల మీద నిలబడింది. కుడికాలు మోకాలు వంచకుండా వెనక్కి చాచి నడుం ఎత్తుకి లేపింది. ఒక చెయ్యి ముందుకి చాచింది. ఆ చేతి వేలి కొస నుంచి వెనక కాలి బొటనవేలి దాకా ఒకటే గీత."

నల్లహంస 32 సార్లు తిరిగే చోట "ఫ్వెట్టే" అని ఉంటుంది. ఫ్రెంచిలో కొరడాతో కొట్టినట్టు అని అర్థం. దాన్ని ఇలా అనొచ్చు: "ఒంటికాలి మీద గిర్రున తిరుగుతోంది. ప్రతి చుట్టుకీ రెండో కాలిని పక్కకి విసిరి మోకాలి దగ్గరికి లాక్కుంటోంది. బొంగరం తన తాడు తనే విసురుకుంటున్నట్టు."

శబ్దవేధి | మార్చి 4, రాత్రి 11:22

బొంగరం పాస్. చిన్నప్పుడు నేనూ వేశాను, అరచేతిలో తిప్పించుకున్నాను. ఆ గిలి ఇప్పటికీ గుర్తుంది.

చక్రం | మార్చి 5, ఉదయం 9:00

హైదరాబాద్ నుంచి, వీల్‌చైర్ మీద నుంచి. చర్చ మొత్తం హెడ్‌సెట్ చుట్టూనే తిరుగుతోంది కాబట్టి కాస్త అడ్డొస్తున్నా. నాకు కళ్లున్నాయి, చెవులున్నాయి. లేనిది ర్యాంపు.

పోయిన ఏడాది ఇక్కడ ఒక హాల్లో నృత్యరూపకానికి వెళ్లా. ముందే ఫోన్ చేస్తే "ర్యాంపు ఉంది సార్" అన్నారు. ఉంది. జనరేటర్ గది పక్కన. దాన్ని ఎక్కితే స్టేజి వెనక వంటపాత్రల మధ్యకి తేలా. చివరికి నలుగురు కుర్రాళ్లు కుర్చీతో సహా మోసుకెళ్లి, ముందు వరసకీ స్టేజికీ మధ్య పెట్టారు. ఆట మొత్తం మెడ విరుచుకుని డాన్సర్ల గడ్డాలు చూశా. మోశారు కదా, థాంక్స్ చెప్పాలి. మోయించుకోవడం నాకిష్టమా అని మాత్రం ఎవరూ అడగలేదు.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో 29వ సెక్షన్ కళలు, వినోదం మాకు అందుబాటులో ఉండాలనే చెప్తుంది. ఎవరైనా హాలు బుక్ చేసుకుంటే ఆ సెక్షన్ ప్రింటు తీసి మేనేజర్ బల్ల మీద పెట్టండి.

ఇంకో సంగతి. మేం ప్రేక్షకులమే ఎందుకవ్వాలి? ఇంగ్లండ్‌లో 1991లో మొదలైన కాండోకో, కాలిఫోర్నియాలో 1987లో మొదలైన యాక్సిస్ వికలాంగులూ మిగతావాళ్లూ కలిసి నృత్యం చేసే బృందాలుగా పుట్టినవే. అలిస్ షెపర్డ్ బృందం కైనెటిక్ లైట్‌లో డాన్సర్లు వీల్‌చైర్ల మీద కూడా ఆడతారు. వాళ్లు చూపులేనివాళ్ల కోసం చేయించిన యాప్‌లో ఒకటి కాదు, చాలా ట్రాకులు ఉంటాయి. ఒకదాంట్లో వర్ణన, ఇంకోదాంట్లో కవితలాంటిది, మరోదాంట్లో చక్రాల చప్పుడు. ఏది వినాలో వినేవాడి ఇష్టం.

శబ్దవేధి | మార్చి 5, ఉదయం 9:40

చక్రాల చప్పుడు ట్రాకు! ఇది నాకు తెలీదు. థాంక్స్ బాస్.

బ్రెజిల్ సంగతి కూడా చెప్పాలి. సావో పాలోలో ఫెర్నాండా బియాంకీనీ 1995 నుంచీ చూపులేని పిల్లలకి బ్యాలే నేర్పుతున్నారు. టీచరు చెయ్యి, నడుం, మోకాలు తడిమి చూసి నేర్చుకుంటారు. అలీసియా అలొన్సో సంగతి ఘల్లుఘల్లుగారికి తెలిసే ఉంటుంది.

ఘల్లుఘల్లు | మార్చి 5, సాయంత్రం 6:12

తెలియకపోవడమేంటండీ! క్యూబా ఆవిడ. ఇరవై ఏళ్ల వయసులో కంటి లోపలి పొర (రెటీనా) ఊడిపోయి, ఆపరేషన్లయి, కదలకుండా మంచం మీద పడుకోవాల్సి వచ్చింది. అప్పుడు జిసెల్ అనే బ్యాలేలో నాయిక పాత్ర మొత్తం వేళ్లతోనే సాధన చేసింది. దుప్పటి మీద రెండు వేళ్లు రెండు కాళ్లుగా. 1943లో న్యూయార్క్‌లో ప్రధాన నర్తకికి ఒంట్లో బాగోకపోతే ఆ పాత్రలో దిగింది. తర్వాత దశాబ్దాల పాటు దాదాపు చూపు లేకుండానే ఆడింది. స్టేజి మీద దీపాలే గుర్తులు, తోటి నర్తకుడు అనుకున్న చోటే నిలబడాలి. 2019లో 98 ఏళ్లకి పోయారు.

దుప్పటి మీద వేళ్ల సంగతి విన్నప్పటి నుంచీ మా క్లాసులో పిల్లలకి అదే హోంవర్క్ ఇస్తున్నా.

పిట్స్‌బర్గ్_నాన్న | మార్చి 6, ఉదయం 5:55

మా బాబుకి ఆటిజం. పదేళ్లు. మా సమస్య దీనికి తలకిందులు. వాడికి కనపడేదీ ఎక్కువే, వినపడేదీ ఎక్కువే. హాల్లో లైట్లన్నీ ఒక్కసారి ఆరిపోతే అరుస్తాడు. అందుకే ఏళ్ల తరబడి ఎక్కడికీ వెళ్లలేదు.

ఇక్కడి పిట్స్‌బర్గ్ బ్యాలే థియేటర్ 2013 డిసెంబరులోనే ఆటిజం ఉన్నవాళ్ల కోసం ప్రత్యేకంగా నట్‌క్రాకర్ అనే బ్యాలే ఆడింది. ఇలాంటి ఆటల్లో హాలు పూర్తిగా చీకటి చెయ్యరు. సౌండు తగ్గిస్తారు. లేచి తిరగొచ్చు, బయటికెళ్లి మళ్లీ రావొచ్చు, అరిచినా ఎవరూ వెనక్కి తిరిగి చూడరు. ఏ సీను తర్వాత ఏముంటుందో బొమ్మలతో ముందే పంపుతారు. మేం మొదటిసారి వెళ్లినప్పుడు మావాడు మొదటి అంకం అంతా లాబీలోనే తిరిగాడు. రెండో అంకంలో సెలెస్టా వాయిద్యం మొదలైంది, ఆ చిన్న గంటల్లాంటి మోత. లోపలికి పరిగెత్తాడు. ఆ పాట అయ్యేదాకా నిలబడే ఉన్నాడు. అయ్యాక మళ్లీ లాబీ.

టికెట్ డబ్బులు మూడు నిమిషాలకా అని మా ఆవిడ నవ్వింది. మాకు చాలు.

సందేహాల_రావు | మార్చి 6, ఉదయం 8:20

సరే, ఓడిపోయాను. కానీ నిజమైన సందేహం ఒకటి. స్వాన్ లేక్ చివర చచ్చిపోతారా, బతుకుతారా? మా అమ్మాయి ఒకటి చెప్తుంది, అల్లుడు ఇంకోటి.

మూడో_గంట | మార్చి 6, ఉదయం 10:45

ఇద్దరూ కరెక్టే. 1877లో మాస్కోలో మొదట ఆడారు, మనం ఇప్పుడు చూసేవి ఎక్కువగా 1895 నాటి నృత్య దర్శకులు పెటిపా, ఇవనోవ్‌ల కూర్పు మీద కట్టినవి. చివర మాత్రం ఎవరిష్టం వాళ్లది. కొన్నిట్లో ఇద్దరూ చెరువులో దూకుతారు, కొన్నిట్లో మంత్రగాడు చచ్చి వీళ్లు బతుకుతారు. అందుకే తెనాలి అమ్మాయిగారు నెట్‌లో దొరికిన కథ కాకుండా ఆ ప్రొడక్షన్ నోట్సే తెలుగు చెయ్యడం మంచిది.

ఇంకో చిట్కా. ఇక్కడ చాలా హాళ్లలో హెడ్‌సెట్లు ఇన్‌ఫ్రారెడ్ మీద నడుస్తాయి. టీవీ రిమోట్‌లాగే, ఎదురుగా అడ్డు ఉండకూడదు. చలికని మెడలో మఫ్లర్ వేసుకుని రిసీవర్ దాని కింద పెట్టుకుంటే వ్యాఖ్యానం వినపడదు. స్తంభం వెనక సీటు వద్దు.

తెనాలి_అమ్మాయి | ఏప్రిల్ 20, రాత్రి 8:30

వెళ్లొచ్చాం. రెండ్రోజులైంది. రాయడానికి ఇప్పుడు తీరింది.

వాయిస్ నోట్ 22 నిమిషాలొచ్చింది. నాన్న ఆరుసార్లు విన్నారు. చివరిసారి నాకే అప్పజెప్పారు.

టచ్ టూర్‌లో ఎనిమిది మందిమి. ముందు స్టేజి మీద ఈ చివర నుంచి ఆ చివరకి నడిపించారు. నాన్న అడుగులు లెక్కపెట్టి "మన ఊరి స్టేజికి రెండింతలు" అన్నారు. తర్వాత హంస డ్రెస్సు చేతికిచ్చారు. ఆయన మనసులో గౌను ఉందనుకుంటా, కిందికి వేలాడుతుందని తడిమారు. చూస్తే నడుం చుట్టూ పొరలు పొరలుగా నెట్టు, అడ్డంగా బిగుసుకుని ఉంది. "ఇది పావడా కాదే, అప్పడం" అన్నారు. పక్కనున్న ముసలావిడకి నేను ఇంగ్లీషులో చెప్తే ఆవిడ పడీపడీ నవ్వింది. ఆవిడకి అప్పడం తెలుసు, ఇక్కడ కర్రీ హోటల్లో ముందు పెట్టేది అదేగా.

మునివేళ్ల మీద నిలబడ్డానికి వేసుకునే పాయింట్ షూ ముందు భాగం వేలితో కొట్టి చూశారు. చెక్కా అని అడిగారు. కాదు, గుడ్డా కాగితం పొరలు పొరలుగా జిగురుతో అంటించి గట్టిపరిచారట. ఒక అర్ధరూపాయి బిళ్లంత చోటు మీద ఒళ్లంతా నిలపాలి. నాన్న దాన్ని చాలాసేపు వదల్లేదు. స్తంభాలెక్కిన మనిషి కదా, కాలు పెట్టే చోటు సంగతి ఆయనకి తెలుసు.

అసలు విషయం ఇది. రెండో అంకంలో నాలుగు చిన్న హంసలు కలిసి ఆడతాయి. చేతులు అడ్డంగా పెనవేసుకుని. నేను వాయిస్ నోట్‌లో ఎంత చెప్పినా నాన్నకి అది పట్టలేదు. టూర్ చేయించే అమ్మాయి మా నలుగుర్ని వరసగా నిలబెట్టింది. నాన్న, నేను, ఆ ముసలావిడ, ఇంకో పెద్దాయన. పక్కవాళ్ల చేతిని దాటి ఆ పక్కవాళ్ల చెయ్యి పట్టుకోమంది. అలా పక్కకి నాలుగడుగులు వెయ్యమంది. రెండో అడుగుకే ఢీకొన్నాం. నాన్న "ఓహో, ఒక్కరు తప్పితే నలుగురూ తప్పినట్టే" అన్నారు. ఆటలో ఆ డాన్సు వచ్చినప్పుడు నా చెయ్యి గట్టిగా పట్టుకుని అయ్యేదాకా వదల్లేదు.

ఇంగ్లీషు గురించి అనవసరంగా భయపడ్డా. లెఫ్టు, రైటు, లిఫ్ట్స్ హర్, డౌన్. "మా లైన్‌మెన్ ఇంగ్లీషే ఇది" అన్నారు. హంసల రాగం ఒబో అనే ఊదే వాయిద్యంలో వస్తుంది కదా, అది వినగానే "మన సన్నాయి చుట్టమా?" అని అడిగారు. రెండు పీకల వాయిద్యమే అన్నా. సంతోషించారు.

గొడవ కూడా జరిగింది. మూడో అంకంలో సరిగ్గా ఒట్టుకి ముందు హెడ్‌సెట్ బ్యాటరీ పోయింది. నాన్న ముందు డిస్క్రైబర్ ఆగిందనుకున్నారు (మూడో గంటగారూ, మీరు చెప్పిందే నా కొంప ముంచింది). నేను పరిగెత్తి ఇంకోటి తెచ్చేసరికి కిటికీ సీను అయిపోయింది. సారీ చెప్పబోతే నాన్న "పోన్లే, వచ్చిందిగా కిటికీ దగ్గరికి. ఆ సన్నాయి మళ్లీ పలికినప్పుడే తెలిసింది" అన్నారు.

మూడో_గంట | ఏప్రిల్ 20, రాత్రి 9:05

క్షమించాలి! ఇకనుంచి నేను చెప్పేటప్పుడు "రెండు నిమిషాలు దాటితే చెయ్యెత్తండి" అని కలుపుతా. ముందే ఒక స్పేర్ సెట్ అడిగి జేబులో పెట్టుకోండి. ఎవరూ కాదనరు.

చక్రం | ఏప్రిల్ 20, రాత్రి 9:30

ఆ థియేటర్‌లో వీల్‌చైర్ సీట్లు ఎక్కడున్నాయో చూశారా? స్టేజి కనపడే చోటేనా?

తెనాలి_అమ్మాయి | ఏప్రిల్ 20, రాత్రి 9:52

చూశానండీ, మిమ్మల్ని తలుచుకునే చూశా. మధ్య వరసల చివర ఆరు. పక్కన తోడుకి కుర్చీ. గడ్డాలు కాదు, పాదాలు కనపడతాయి.

అమ్మకి నాన్న గంటసేపు ఫోన్లో కథ చెప్పారు. ఇప్పుడు జిసెల్ ఎప్పుడు అని అడుగుతున్నారు. వాయిస్ నోట్ ఎవరికైనా కావాలంటే పంపుతా.

శబ్దవేధి | ఏప్రిల్ 20, రాత్రి 10:15

నాకు పంపండి.

శబ్దవేధి | ఏప్రిల్ 20, రాత్రి 11:04

విన్నాను. బొంగరం బాగా వచ్చింది. 14వ నిమిషంలో "అందంగా వాలిపోయింది" అన్నారు. తీసేస్తానన్నారుగా?

తెనాలి_అమ్మాయి | ఏప్రిల్ 20, రాత్రి 11:10

జారిపోయింది, సారీ! "నెమ్మదిగా వాలిపోయింది" అంటే సరిపోతుందా?

శబ్దవేధి | ఏప్రిల్ 20, రాత్రి 11:12

ఎటువైపు?